ఔట్‌డోర్ షూటింగ్‌లో హెచ్‌డీ కెమెరాకు మానిటర్లు కలపడం ఎలా?

మానిటర్ మీద బొమ్మ కనబడగానే కలపడం పూర్తయిందని చాలామంది అసిస్టెంట్లు అనుకుంటారు. అప్పటికి సగం పనే అయినట్టు. ముఖం మీద వెలుగు చాలదని దర్శకుడు చెప్పేది, ఎక్స్‌పోజర్ తగ్గించాలని కెమెరామన్ తేల్చుకునేది, కన్ను మీద ఫోకస్ నిలిచిందని ఫోకస్ పుల్లర్ నమ్మేది ఆ తెరను చూసే. అది తప్పు చూపిస్తే లొకేషన్‌లో ఎవరికీ తెలియదు, ఎడిటింగ్ గదిలో బయటపడుతుంది. అప్పటికి నటులు ఉండరు, ఆ వెలుగూ ఉండదు. అందుకే ఇక్కడ కేబుల్ దగ్గర మొదలుపెట్టి, తెర మీది బొమ్మను నమ్మవచ్చని తేలేదాకా చేయవలసిన పని అంతా వరుసగా చెబుతాను.

చెప్పడానికి వీలుగా ఒక చిన్న యూనిట్‌ను తీసుకుందాం. ఒక కెమెరా, దాని మీద ఫోకస్ కోసం 7 అంగుళాల మానిటర్, 30 మీటర్ల వెనుక దర్శకుడి ముందు 17 అంగుళాల మానిటర్. లొకేషన్ గండికోట అనుకోండి. పెన్నా లోయ అంచున రాతి నేల, నెత్తిన ఎండ, ఆగని గాలి, దగ్గరలో కరెంటు ప్లగ్గు లేదు.

ముందురోజు రాత్రి బల్ల మీద

మొదట కెమెరాకు ఏ సాకెట్లు ఉన్నాయో చూడండి. వీడియోను బయటికి పంపే సాకెట్లు ముఖ్యంగా రెండు రకాలు: సినిమా, టీవీ రంగంలో వాడే ఎస్‌డీఐ, ఇంటి టీవీలకు ఉండే హెచ్‌డీఎంఐ. రెడ్ కొమోడోకు ఎస్‌డీఐ ఉంది, హెచ్‌డీఎంఐ లేదు. కానన్ సీ70కి హెచ్‌డీఎంఐ ఉంది, ఎస్‌డీఐ లేదు. సోనీ ఎఫ్‌ఎక్స్6కు రెండూ ఉన్నాయి. హెచ్‌డీఎంఐ సాకెట్టులో మళ్లీ పెద్దది, మినీ, మైక్రో అని మూడు సైజులు. కానన్ ఆర్5 వంటి ఫొటో కెమెరాలకు ఉండేది మైక్రో. అద్దెకు తెచ్చిన పెట్టెలో పెద్ద సైజు కేబుల్ ఒక్కటే ఉందని లొకేషన్‌కు వెళ్లాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

తర్వాత అన్నింటినీ ఒకసారి ఇంట్లోనే కలిపి చూడండి. రేపు వాడబోయే అదే కేబుల్, అదే పొడవు, అదే బ్యాటరీ, అదే ఫ్రేమ్ రేటు ఉండాలి. 1 మీటరు కేబుల్‌తో బొమ్మ వచ్చిందంటే 30 మీటర్ల కేబుల్‌తోనూ వస్తుందని కాదు. కేబుల్‌ను రెండు కొనల దగ్గరా మెల్లగా వంచుతూ తెరను చూడండి. బొమ్మ ఒక్కసారి మిణుకుమన్నా ఆ కేబుల్‌ను పెట్టెలో పెట్టకండి.

ఎస్‌డీఐనా, హెచ్‌డీఎంఐనా?

నా అభిప్రాయంలో కెమెరాను దాటి నేల మీదికి దిగే ప్రతి కేబుల్ ఎస్‌డీఐ అయి ఉండాలి. హెచ్‌డీఎంఐ 2002లో ఇంట్లోని టీవీలను, ప్లేయర్లను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. అది తాళం పడదు, లాగితే ఊడిపోతుంది. పక్కకు ఒత్తిడి పడితే సాకెట్టే దెబ్బతింటుంది. మామూలు రాగి కేబుల్‌తో 5 నుంచి 10 మీటర్ల దాకా నమ్మవచ్చు, ఆపైన అనుమానమే. ఎస్‌డీఐ వాడే బీఎన్‌సీ కనెక్టర్‌ను లోపలికి నెట్టి పావు వంతు తిప్పితే బిగుసుకుంటుంది. ఎవరైనా కాలు తగిలించినా ఊడదు.

అయితే ఎస్‌డీఐ కేబుల్ అంటే బీఎన్‌సీ ఉన్న ఏ కేబులైనా కాదు. అది 75 ఓమ్‌ల ఇంపిడెన్స్ (వేగంగా మారే సిగ్నల్‌కు కేబుల్ చూపే నిరోధం) ఉన్న కేబుల్ అయి ఉండాలి. వైర్‌లెస్ సెట్ల యాంటెన్నాలకు వాడే 50 ఓమ్‌ల ఆర్‌జీ-58 కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, కనెక్టర్ సైతం పడుతుంది. పైతొడుగు మీద అచ్చువేసిన అక్షరాలు చదవండి, అక్కడే తెలిసిపోతుంది. మల్టీమీటర్‌తో తీగ తెగిందో లేదో చూడవచ్చు గానీ ఈ 75, 50 తేడా దానికి అందదు.

ఎంత దూరం పోతుందన్నది సిగ్నల్ వేగాన్ని బట్టి ఉంటుంది. 1080 గీతలతో సెకనుకు 25 ఫ్రేములంటే 1.485 గిగాబిట్ల హెచ్‌డీ-ఎస్‌డీఐ చాలు. మేలురకం ఆర్‌జీ-6 కేబుల్‌పై అది సుమారు 100 మీటర్లు పోతుంది. సెకనుకు 50 ఫ్రేములైతే 2.97 గిగాబిట్ల 3జీ-ఎస్‌డీఐ కావాలి, దూరం తగ్గుతుంది. 4కే పంపే 12జీ-ఎస్‌డీఐ అయితే అదే కేబుల్‌పై సగం దూరం కూడా నమ్మలేం. గింబల్ (కెమెరాను కుదుపుల్లేకుండా పట్టే సాధనం) మీద వాడే సన్నని మెత్తని కేబుళ్లు వీటికంటే చాలా తక్కువ దూరమే మోస్తాయి.

పాత అనలాగ్ వీడియోలో కేబుల్ పొడవు పెరిగేకొద్దీ బొమ్మ మెల్లగా మసకబారేది, ముందే తెలిసేది. ఎస్‌డీఐ అలా కాదు. హద్దు దాకా బొమ్మ నిక్షేపంగా ఉంటుంది. హద్దు దగ్గర అక్కడక్కడ తెల్లని చుక్కలు మెరుస్తాయి, మరికొంచెం దాటితే తెర ఆరి ఆరి వెలుగుతుంది, ఆ తర్వాత సిగ్నల్ లేదనే మాటే కనబడుతుంది. ముదురు రంగు గోడ మీదో, రాత్రి సన్నివేశంలో నల్లని మూలలోనో ఒక్క తెల్లచుక్క మెరిసినా కేబుల్ మార్చండి. టేక్ మధ్యలో తెర ఆరిపోయేదాకా ఆగకండి.

కెమెరాకు హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటే, కెమెరా పక్కనే చిన్న కన్వర్టర్ పెట్టి అక్కడి నుంచి ఎస్‌డీఐలో పంపండి. హెచ్‌డీఎంఐ నుంచి ఎస్‌డీఐకి మార్చేది వేరు, ఎస్‌డీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరు. పేరు చూసి తీసుకోండి. దానికీ కరెంటు కావాలని మరచిపోకండి. పొడవాటి ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్ వాడితే దానికి దిశ ఉంటుంది. మూలం అని రాసిన కొన కెమెరా వైపు, తెర అని రాసిన కొన మానిటర్ వైపు ఉండాలి. తిరగేస్తే బొమ్మ రాదు.

కరెంటు ముందు, వీడియో తర్వాత

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలనంటే ఇది గుర్తుంచుకోండి. ఖరీదైన కెమెరాల ఎస్‌డీఐ సాకెట్లు కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే.

కెమెరా బ్యాటరీ ప్లేటు నుంచే డీ-ట్యాప్ కేబుల్‌తో మానిటర్‌కు కరెంటు ఇస్తున్నారనుకోండి. ఎస్‌డీఐ కేబుల్ ముందే బిగించి ఉంది. ఇప్పుడు డీ-ట్యాప్ పెడుతున్నారు. ఆ క్షణంలో ప్లస్ కొన ముందు తగిలి, మైనస్ కొన ఇంకా తగలకపోతే మానిటర్‌లోకి వెళ్లిన కరెంటు తిరిగి రావడానికి వేరే దారి వెతుక్కుంటుంది. దానికి దొరికే దారి ఎస్‌డీఐ కేబుల్. ఎస్‌డీఐ సిగ్నల్ 0.8 వోల్టు. దాన్ని నడిపే చిప్పు మీదికి 12 వోల్టులకు పైగా కరెంటు ఒక్క రెప్పపాటు వచ్చి పడినా చిప్పు పోతుంది. కెమెరా రికార్డు చేస్తూనే ఉంటుంది, మెనూ పనిచేస్తుంది, ఎస్‌డీఐలో మాత్రం ఏమీ రాదు. కేబుల్ చెడిందనుకుని గంటసేపు కేబుళ్లు మారుస్తూ ఉంటారు.

అందుకని వరుస ఇది. మొదట మానిటర్‌కు కరెంటు పెట్టి ఆన్ చేయండి. ఆ తర్వాతే బీఎన్‌సీ బిగించండి. విప్పేటప్పుడు ముందు బీఎన్‌సీ తీయండి, ఆ తర్వాత కరెంటు తీయండి. మానిటర్ బ్యాటరీ మార్చాలన్నా అంతే: బీఎన్‌సీ విప్పడం, బ్యాటరీ మార్చడం, మానిటర్ వెలిగాక మళ్లీ బీఎన్‌సీ. వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌కూ ఇదే నియమం. హడావిడిలో ఉన్న కుర్రవాడికి ఈ వరుస చేతికి అలవాటయ్యేదాకా పక్కన నిలబడి చెప్పండి. పైతొడుగు చిట్లిన డీ-ట్యాప్ కేబుల్‌ను, వదులైన ప్లగ్గును అక్కడికక్కడే పక్కన పెట్టేయండి.

రెండో ప్రమాదం జనరేటర్. దర్శకుడి మానిటర్‌ను జనరేటర్ వ్యాన్ నుంచి వచ్చిన బోర్డుకు, కెమెరాను బ్యాటరీకో మరో బోర్డుకో పెడితే రెండింటి ఎర్తింగ్ మధ్య తేడా ఉండవచ్చు. కేబుల్ కలిపేటప్పుడు బీఎన్‌సీ అంచు దగ్గర చిన్న మెరుపు కనిపించినా, లోహాన్ని ముట్టుకుంటే చేతికి జివ్వుమన్నా ఆ తేడా ఉన్నట్టే. వెంటనే ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. చిన్న యూనిట్‌లో దర్శకుడి మానిటర్‌ను కూడా బ్యాటరీ మీదే నడపడం అన్నింటికంటే క్షేమం.

లెక్క తేలికే. 98 వాట్-అవర్ల వి-మౌంట్ బ్యాటరీ మీద 20 వాట్ల మానిటర్ కాగితం మీద దాదాపు 5 గంటలు, నిజంగా 4 గంటలు నడుస్తుంది. తెర వెలుగు పూర్తిగా పెంచితే ఇంకా తగ్గుతుంది. రోజుకు కనీసం 3 బ్యాటరీలు, భోజన విరామంలో చార్జింగుకు ఒక చోటు చూసుకోండి.

కేబుల్ పరచడం

కేబుల్‌ను కెమెరా దగ్గర నుంచి మొదలుపెట్టి వెనక్కి పరచండి. మిగిలిన పొడవు మానిటర్ దగ్గర చుట్టలా ఉండాలి, కెమెరా దగ్గర కాదు. కెమెరా దగ్గర ఒక చేతి పొడవు వదులుగా వదిలి, అక్కడి నుంచి ట్రైపాడ్ కాలికో, కెమెరా చుట్టూ బిగించే లోహపు చట్రమైన కేజ్‌కో కట్టండి. ఎవరైనా లాగితే బరువు ఆ కట్టు మీద పడాలి, సాకెట్టు మీద కాదు. హెచ్‌డీఎంఐ అయితే కేజ్‌కు బిగించే క్లాంపు లేకుండా అసలు వాడకండి.

నటులు నడిచే దారికి, ట్రాలీ పట్టాలకు అడ్డంగా వేయకండి. తప్పనిసరైతే గాఫర్ టేపుతో నేలకు అంటించి, పైన చాప కప్పండి. గండికోట వంటి రాతినేల మీద టేపు అంటదు, ఇసుక బస్తాలు పెట్టండి. వ్యాన్ చక్రం ఒక్కసారి ఎక్కినా కేబుల్ లోపలి పొర నలిగిపోతుంది, పైకి ఏమీ కనిపించదు. అక్కడే తెల్లచుక్కలు మొదలవుతాయి.

రెండు మానిటర్లకు సిగ్నల్ ఇవ్వాలంటే మొదటి మానిటర్‌లోని ఎస్‌డీఐ ఔట్ నుంచి రెండోదానికి తీసుకోవచ్చు. చాలా మానిటర్లలో ఇది మానిటర్ ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది. ఫోకస్ పుల్లర్ తన బ్యాటరీ మార్చినప్పుడల్లా దర్శకుడి తెర కూడా ఆరిపోతుందన్నమాట. కెమెరాకు రెండు ఔట్‌లు ఉంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇవ్వండి. లేకపోతే డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ అనే చిన్న పెట్టె వాడండి. అనలాగ్ రోజుల్లోలాగా టీ-ఆకారపు కనెక్టర్ పెట్టి ఎస్‌డీఐని రెండుగా చీల్చవద్దు. రెండు చోట్లా చెడిపోతుంది.

బొమ్మ రాకపోతే

అన్నీ సరిగ్గా కలిపినా తెర నల్లగా ఉందంటే, నూటికి తొంభై పాళ్లు కెమెరా పంపేదొకటి, మానిటర్ అందుకోగలిగేదొకటి. కెమెరా 4కే పంపుతూ ఉంటుంది, మానిటర్ 3జీ దాకానే అందుకుంటుంది. కెమెరా మెనూలో ఎస్‌డీఐ ఔట్‌పుట్‌ను 1920 అడ్డం, 1080 నిలువుకు మార్చండి. లోపల 4కే రికార్డు అవుతూనే ఉంటుంది, బయటికి హెచ్‌డీ వస్తుంది. సెకనుకు 50 ఫ్రేముల దగ్గర ఆగిపోతే, 3జీలో లెవెల్ ఏ, లెవెల్ బీ అని రెండు పద్ధతులున్నాయి. ఒకటి రాకపోతే రెండోది పెట్టి చూడండి.

25 ఫ్రేములు పెడితే మానిటర్ అంచున 1080ఐ 50 అని కనిపించవచ్చు. కంగారు పడకండి. ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా చేసి పంపే పీఎస్‌ఎఫ్ పద్ధతి అది. బొమ్మ చెడదు.

హెచ్‌డీఎంఐలో ఇంకో చిక్కు ఉంది. కెమెరా, తెర ముందు ఒకదానినొకటి పలకరించుకుని, నువ్వేం చూపగలవని అడిగి, ఆ తర్వాతే బొమ్మ పంపుతాయి. ఆ పలకరింపు తప్పితే తెర నల్లగానే ఉంటుంది. మానిటర్ ముందు ఆన్ చేసి తర్వాత కెమెరా ఆన్ చేయండి. అయినా రాకపోతే కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టండి.

ఇంకా రాకపోతే కేబుల్, మానిటర్, కెమెరా సాకెట్టు అనే మూడింటిలో ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మంచిదని ముందే తేలిన చిన్న కేబుల్ ఒకటి జేబులో ఉంచుకుంటే ఎక్కడ తప్పో త్వరగా తేలుతుంది. రెండు, మూడు ఒకేసారి మారిస్తే బొమ్మ వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు.

తెర మీది బొమ్మ నిజమేనా?

కెమెరాలో కలర్ బార్స్ (తెరను సరిచూసుకోవడానికి వాడే రంగు పట్టీల బొమ్మ) ఆన్ చేయండి. ఎస్ఎంపీటీఈ (సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం) రకం బార్స్ ఉంటే అవి మేలు. నల్లని గుడ్డ కప్పి, ఎండ తగలకుండా తెరను చూడండి.

మొదట నలుపు. కింది వరుసలో ఎర్ర పట్టీ కిందుగా, నల్లని భాగంలో మూడు సన్నని నిలువు గీతలుంటాయి. ఎడమది నలుపుకన్నా నలుపు, మధ్యది నలుపు, కుడిది నలుపుకన్నా కొద్దిగా వెలుగు. బ్రైట్‌నెస్ పెంచుతూ తగ్గిస్తూ, కుడి గీత లీలగా కనిపించి మిగతా రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయే చోట ఆపండి. ఎడమ గీత కూడా కనిపిస్తే నలుపు బూడిదలా తేలిపోయినట్టు. ఏదీ కనిపించకపోతే చీకటిలోని వివరాలు మీకు కనబడవు, దర్శకుడు అనవసరంగా ఇంకో లైటు అడుగుతాడు.

తర్వాత రంగు. మానిటర్‌లో బ్లూ ఓన్లీ బటన్ నొక్కండి. తెర నీలంగా మారి, పట్టీలు ఒకటి వెలుగు, ఒకటి నలుపుగా వరుసగా కనిపిస్తాయి. పెద్ద పట్టీల కిందనే సన్నని వరుస ఒకటి ఉంటుంది. రెండు చివర్ల పట్టీలు తమ కింది ముక్కలతో కలిసిపోయి, సరిహద్దు కనబడకుండా పోయేదాకా క్రోమా (రంగు గాఢత) తిప్పండి. మధ్యలోని రెండు వెలుగు పట్టీలు అలా కలవకపోతే హ్యూ (రంగు ఛాయ) సరిచేయండి. ఎస్‌డీఐలో హ్యూ తిప్పవలసిన అవసరం చాలా అరుదు. తిప్పవలసి వచ్చిందంటే ముందు ఎవరో దాన్ని కదిలించారన్నమాట, ఫ్యాక్టరీ సెట్టింగుకు తీసుకువెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.

హెచ్‌డీఎంఐలో నలుపు తేలిపోయినట్టో, చీకటి మొత్తం ముద్దగానో కనిపిస్తే బటన్లు తిప్పేముందు రేంజ్ చూడండి. వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటర్ లెక్కలో 0, 255. కెమెరా ఒక లెక్కలో పంపి మానిటర్ ఇంకో లెక్కలో చదివితే ఏ బటన్ తిప్పినా సరికాదు.

కెమెరా లాగ్‌లో (వెలుగు, చీకటి వివరాలు ఎక్కువగా నిలిపే రికార్డింగ్ పద్ధతి) పెట్టారా? అప్పుడు బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. లట్ (రంగులను మార్చి చూపే పట్టిక) వేస్తే మామూలు రంగులు వస్తాయి. ఆ లట్ కెమెరాలో వేస్తారా, మానిటర్‌లో వేస్తారా అన్నది ముందే తేల్చుకోండి. రెండు చోట్లా పడితే ముఖాలు ఎర్రబడి, నీడలు మసిబొగ్గులా అవుతాయి. పడిందో లేదో కంటితో ఊహించవద్దు, బొమ్మలోని వెలుగును శాతాల్లో గీసి చూపే వేవ్‌ఫామ్ చూడండి. సోనీ కెమెరాల ఎస్-లాగ్3లో సరైన ఎక్స్‌పోజర్‌తో 18 శాతం గ్రే కార్డు 41 శాతం దగ్గర, తెల్ల కార్డు 61 దగ్గర నిలుస్తాయి. తెల్ల కార్డు అంతకంటే బాగా పైకి వెళితే వేవ్‌ఫామ్ లట్ తర్వాతి సిగ్నల్‌ను చూపిస్తున్నట్టు. ఇంత తెలిస్తే ఎక్స్‌పోజర్ గురించి వాదన సగం తగ్గుతుంది.

మానిటర్ బదులు ఇంటి టీవీ తెచ్చుకునే చిన్న యూనిట్లు ఉన్నాయి. అది తప్పు కాదు గానీ, టీవీ అంగడిలో ఆకట్టుకోవడానికి రంగులు పెంచి చూపిస్తుంది. వివిడ్, డైనమిక్ వంటివి ఆపి సినిమా మోడ్ పెట్టండి. కదలికలను నునుపు చేసే సెట్టింగు ఆపండి. అంచులు కత్తిరించే ఓవర్‌స్కాన్ ఆపండి. లేకపోతే ఫ్రేమ్ అంచున దిగిన మైకు మీకు కనిపించదు. అలాంటి టీవీని ఫ్రేమింగుకు, నటనకు వాడండి. రంగు, ఎక్స్‌పోజర్ మాత్రం కెమెరా మీది చిన్న మానిటర్‌లోనే తేల్చుకోండి.

ఎండలో

మే నెల మధ్యాహ్నం మామూలు మానిటర్ మీద ఆకాశం, మీ చొక్కా తప్ప ఏమీ కనబడవు. 1000 నిట్లకు (తెర వెలుగును కొలిచే ప్రమాణం) పైబడిన మానిటర్లు ఎండలో పనికొస్తాయి, కానీ బ్యాటరీ తాగేస్తాయి, వేడెక్కుతాయి. ఎంత వెలుగున్న మానిటర్‌కైనా నీడ కావాలి. మానిటర్ వెనుక వైపు, పైన, రెండు పక్కలా నల్లని గుడ్డ కట్టి, ముందు నుంచి తల పెట్టి చూసేలా చేయండి. దర్శకుడి వెనుక ఆకాశం ఉంటే అది తెరలో ప్రతిబింబిస్తుంది, అందుకే వెనుక కూడా ఒక నల్ల కట్టర్ (వెలుగును అడ్డుకునే గుడ్డ చట్రం) నిలబెట్టండి. వెంటిలేషన్ రంధ్రాలను మాత్రం గుడ్డతో మూయవద్దు. గాలి ఉన్నచోట ప్రతి స్టాండుకు బస్తా వేయండి. గొడుగు స్టాండు మానిటర్ మీద పడటం ఔట్‌డోర్‌లో చాలా మామూలుగా జరిగే నష్టం.

ఎండలో ఉండి వచ్చి గుడ్డ కింద తల పెడితే కన్ను సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. వెంటనే చీకటిగా ఉందని తీర్పు ఇవ్వకండి. ఎక్స్‌పోజర్ విషయంలో ఎండలో కన్నుకంటే వేవ్‌ఫామ్, వెలుగు స్థాయిలను వేర్వేరు రంగుల్లో చూపే ఫాల్స్ కలర్ నమ్మదగ్గవి. మొదటి షాట్‌లో నటుడి ముఖం ఏ స్థాయిలో ఉందో రాసుకుని, తర్వాతి షాట్లలో దానికే కట్టుబడండి.

విశాఖ బీచ్ వంటి చోట్ల ఎండకంటే ఉప్పుగాలి చేటు. రోజు పూర్తయ్యాక బీఎన్‌సీ కొనలను పొడిగుడ్డతో తుడిచి మూతలు పెట్టండి.

వైర్‌లెస్

గింబల్, కారు షాట్లు, ఇరుకైన గదుల్లో వైర్‌లెస్ చాలా ఉపకారం చేస్తుంది. అయితే రెండు రకాలున్నాయి. వీడియో కోసమే చేసిన ట్రాన్స్‌మిటర్లలో ఆలస్యం కంటికి తెలియదు, ఫోకస్ లాగవచ్చు. వైఫై మీద ఫోనుకు, ట్యాబ్‌కు బొమ్మ పంపే చౌక రకాల్లో ఆలస్యం తెలుస్తుంది. నటి అడుగు వేసిన తర్వాత తెర మీద అడుగు పడుతుంది. అది కాస్ట్యూమ్, మేకప్ వాళ్లు చూసుకోవడానికి బాగుంటుంది, ఫోకస్‌కు పనికిరాదు.

ఇవి ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మనుషుల శరీరాలు, ఇనుప తలుపులు, తడి చెట్లు అడ్డొస్తే సిగ్నల్ పడిపోతుంది. రిసీవర్‌ను తల ఎత్తుకు పైన పెట్టండి. నగరంలో షూటింగైతే లొకేషన్‌కు చేరగానే ఏ ఛానెల్ ఖాళీగా ఉందో వెతికించండి, జనం చేరాక మళ్లీ చూడండి. వైర్‌లెస్ మీద ఎంత నమ్మకమున్నా 30 మీటర్ల ఎస్‌డీఐ కేబుల్ వ్యాన్‌లో ఉండాలి.

సర్దేటప్పుడు

ముందు బీఎన్‌సీలు, తర్వాత కరెంటు. కేబుల్‌ను మోచేతికి బిగించి చుట్టవద్దు, లోపలి తీగ మెలిపడుతుంది. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందినుంచి వేస్తూ పెద్ద వలయాలుగా చుట్టి, వెల్క్రోతో కట్టండి. మరునాడు విసిరితే ముడి పడకుండా తెరుచుకుంటుంది. రోజంతా ఏ కేబుల్ మీదైనా అనుమానం కలిగితే రెండు కొనలకూ ఎర్రటేపు చుట్టి, ఏం జరిగిందో దాని మీదే రాసి, మంచివాటితో కలపకుండా వేరే సంచిలో వేసి అద్దె ఇచ్చినవారికి చేతికివ్వండి.